తల్లికోడి చేసే పని

కోళ్లు పెంచుతనంటున్నవు, మంచిదే బిడ్డా. మంట కాడికి జరుగు, చెప్త. మీరిప్పుడు అట్టపెట్టెల పిల్లలను తెస్తున్నరు. అవి మిషన్ల పొదిగినయి, తల్లి మొఖమెరుగవు. మా కాలంల పిల్లల ముంగట తల్లి నడిచేది. మనిషి చేసేది సగం పనే, సగం పెట్టనే చేసేది. ఇప్పుడు ఆ సగం గూడ నీ మీద పడ్డది. తల్లికోడి ఏం చేసేదో నీకు తెలిస్తే, నువ్వేం చెయ్యాల్నో ఎవరినీ అడిగే పనుండదు.

మా ఇంటికి మొదటి కోడి పాలుకు వచ్చింది. అప్పుడు కొనేటందుకు పైసలెక్కడివి? ఉన్నోళ్లు ఒక పెట్టనిచ్చేది. అది పొదిగి పిల్లల్ని చేస్తే, పెద్దగైనంక సగం వాళ్లకు, సగం మనకు. పెట్ట మళ్ల వాళ్లదే. ఒక్క పెట్ట తోటి రెండిండ్లకు కోళ్లయ్యేది. కొత్తగ మొదలువెట్టేటోళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ తెల్వదు. పిల్లల్ని సాకిన పెట్ట దొరికితే దాని ఎంబడి ఉండి చూడు, చాలు.

నాటుపెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి ఆపుతది. గూట్లకెళ్లి లెవ్వది, దగ్గరికి పోతే ఈకలు రిక్కించి గుర్రుమంటది. పొదుగుకొచ్చిందన్నట్టు. గంపల బూడిద పోసి, మీద గడ్డి పరిచి, నాలుగు వేపాకులేసి, చీకటి మూలకు పెట్టేది. బూడిదకు, వేపాకుకు కోడిపేలు తక్కువైతయి. పేలువడితే పెట్ట కూసోలేక గుడ్లిడిచి లేస్తది. గుడ్లు పదకొండో పదమూడో, బేసి లెక్క పెట్టాలని మా అత్త అనేది. ఉరుముకు గుడ్లు చెడుతయని గంపల ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ ఏసేది. అది నమ్మకం. పాత గుడ్లు పెట్టకపోవుడు మాత్రం అనుభవం. వారం దాటిన గుడ్డు సరిగ్గ పిల్లగాదు. ఎండకాలమైతే నాలుగైదు రోజులకే పాడైతది. రోహిణి కార్తెల పొదగేసుడు మా ఇంట్ల లేకుండె. ఇంకొకటి, గుడ్ల మీద బొగ్గుతోటి గీత గియ్యాలె. లేకుంటే వేరే పెట్టలొచ్చి అండ్లనే పెట్టిపోతయి, ఏది ఎన్నటిదో తెల్వది.

పిల్ల దిగేది ఇరువై ఒకటో రోజుకు. అన్ని రోజులూ పెట్ట పొద్దుకొక్కసారే దిగుతది. ఇంత మేసి, నీళ్లు తాగి, దుమ్ముల పొర్లి, ఉరుకుకుంట మళ్లొస్తది. రోజుకు ఎన్నోసార్లు ముక్కుతోటి గుడ్లను తిప్పుతది. తిప్పకుంటే లోపల పిల్ల పెంకుకంటుకుంటది. వారానికి మేము రాత్రి కందిలి ముంగట గుడ్డు పెట్టి చూసేది. ఎర్రటి నరాలు సాలెగూడోలె పాకి ఉంటే పిల్లున్నట్టు. తేటగ కనవడితే పుంజు కలవని గుడ్డు, తీసేసేది. ఆఖరు రోజుల్ల చెవి కాడ పెట్టుకుంటే లోపట్నుంచి కిచకిచ ఇనవడేది. పెంకు చిట్లినంక తొందరపడి చేతితోటి ఒలవొద్దు బిడ్డా. లోపలి పొరల ఇంకా నెత్తురు పారుతుంటది, ఒలిస్తే పిల్ల చచ్చిపోతది. దానంతటదే తన్నుకోని రావాలె.

పుట్టిన పిల్లకు మొదటి రోజు ఆకలుండది. గుడ్డుల సొన కడుపులకు గుంజుకోని పుడ్తది, అదే రెండు రోజులు దాన్ని బతికిస్తది. అందుకే నీ పెట్టెల పిల్లలు తిండి లేకుంట అంత దూరం రాగలుగుతున్నయి. వచ్చినంక మాత్రం మేత కంటె ముందు నీళ్లు చూపియ్యాలె. ఒక్కొక్కదాని ముక్కు నీళ్లకు తాకిస్తే తాగుడు నేర్చుకుంటది. నీళ్లల్ల ఇంత బెల్లం కలుపు. పళ్లెంల చిన్నరాళ్లు ఎయ్యి, లేకుంటే పిల్లలండ్ల పడి తడుస్తయి. తడిసిన పిల్లకు చలివెడితే బతకది.

రెక్క కింది వెచ్చదనం, అదీ తల్లి ఇచ్చేది. దానికి బదులు నువ్వు బల్బు కట్టాలె. మొదటి వారం ముప్పై అయిదు డిగ్రీలు ఉండాల్నని పశువుల డాక్టర్లు చెప్తరు, వారంవారం మూడు డిగ్రీలు తగ్గించుకుంట రావాలె. ఇరువై పిల్లలకు 60 వాట్ల బల్బు ఒకటి సరిపోతది. నాకు ఆ డిగ్రీలు చూసేటందుకు రాదు గని పిల్లల్ని చూస్తే తెలుస్తది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడుతుంటే చలివెడుతున్నది. దూరంగ జరిగి నోరు తెరుస్తే వేడెక్కువైంది, బల్బు మీదికి లేపు. అంత ఒక్క దిక్కుకే జరిగితే అవుతలి దిక్కుకెళ్లి గాలి కొడుతున్నది. చెదిరి తిరుక్కుంట, మేసుకుంట, పండుకుంట ఉంటే సరిగ్గున్నట్టు. రాత్రి లేసి చూడాలె. కరెంటు పోయేది గూడ ఆ ఏళకే.

పిల్లల చుట్టు తడక గుండ్రంగ కట్టు, మూలలు రావద్దు. చలికి పిల్లలు మూలకు గుమిగూడితే కిందియి ఊపిరాడక చస్తయి. మా గంపలు గుండ్రంగనే ఉండె, అందుకే ఆ బాధ మాకు లేకుండె. కింద రెండంగుళాల ఊక పొయ్యి. మొదటి రెండు మూడు రోజులు ఊక మీద గరుకు కాయితం పరువు, లేకుంటే ఊకనే మేత అనుకోని తింటయి. నున్నటి కాయితమైతే కాళ్లు జారి ఇరుదిక్కులకు పోతయి, ఆ కాళ్లు మళ్ల కుదురుకునుడు కష్టం. ఊక తడిస్తే వెంటనే మార్చు. తడి ఊకల మూడు నాలుగు వారాల పిల్లలు నెత్తురు పారుకోని చస్తయి. తల్లికోడైతే పిల్లల్ని పొడి జాగకే తీస్కపోయేది.

మేతకు నూకలు, సజ్జలు, ఇంత తవుడు. బలమిచ్చేవి చెదలు. కుండల పెండ, తడి గడ్డి నింపి చెదలు వట్టే జాగల బోర్లించేది. తెల్లారి ఎత్తి దులిపితే కుప్పవడేది. తల్లి కొక్కొక్కుమని పిలిచి, ముక్కుతోటి ఏరి పిల్లల ముంగటేసేది. కోడికి పళ్లు లేవు గదా, కందెనకాయల చిన్నరాళ్లుంటేనే గింజ నలుగుతది. బయట తిరిగే కోడి అవి తానే ఏరుకుంటది. కట్టేసి పెంచితే నువ్వు ఇసుక పెట్టాలె. గుడ్లువెట్టే పెట్టలకు పెంకులు దంచి కలుపు, సున్నం దొరుకుతది.

గద్ద, పిల్లి, ముంగిస, పాము, అన్నీ పిల్లలకు శత్రువులే. పొద్దుగూకంగ లెక్కవెట్టి గూడు మూసుడు ఒక్కనాడూ తప్పొద్దు.

వీటన్నిటికంటె పెద్దది కొక్కెర తెగులు. ఎండకాలం మొదలైతుందంటే ఆడోళ్లకు గుండె దడ. నిన్న మేసిన కోడి తెల్లారేసరికి మూల్గుకుంట, నోరు తెరుచుకోని, మెడ తిప్పుకోని పడేది. ఆకుపచ్చగ, సున్నమోలె పారేది. నాలుగు రోజులల్ల వాడకట్టు ఖాళీ. రోగమొచ్చిన కోడిని కోసుక తిని, ఈకలు వాకిట్లనే పారేసి, మిగిలినయి అంగడికి తీస్కపోయేది. గట్లనే ఊరూరికి పాకింది. దీనికి రాణిఖేత్ అని పేరు. 1920ల చివర్ల మన దేశంల హిమాలయాల కాడి ఆ ఊర్ల గుర్తువట్టిండ్రట. వచ్చినంక మందు లేదు, ముందే టీకా వేయించుడొక్కటే దారి. వారం పిల్లకు కంట్ల చుక్క. లసోటా అంటరు. మంచుల పెట్టి తేవాలె, ఎండల తిరిగితే పనిచెయ్యది. ఊరంత ఒక్కనాడే వేయిస్తే మేలు. నీ ఒక్క ఇంట్ల వేయించి పక్కింటిది ఇడిచిపెడ్తే తెగులు ఊర్లనే ఉంటది.

గుడ్ల పైసలు అప్పట్ల ఆడదాని చేతి పైసలు. వడ్ల పైసలు మగోళ్లకే పోయేది, గుడ్ల పైసలు మాత్రం కొంగుముడికి. మీ అమ్మ బడి పుస్తకాలు, నా గాజులు, చుట్టమొస్తె చాయ్ పత్తి, అన్ని అండ్లకెళ్లే. గందుకే తెగులొచ్చి కోళ్లు పోతే ఆడోళ్లు ఏడ్చేది. ఎవ్వలు నవ్వినా నేను ఒప్పుకునేదాన్ని గాదు.

ఇప్పుడు రాజేంద్రనగర్ల సర్కారు కోళ్ల పరిశోధన కేంద్రమోళ్లు వనరాజ, గ్రామప్రియ అని పెరటి జాతులు తయారు చేసిండ్రు. నాటుపెట్ట ఏడాదికి యాభై, అరువై గుడ్లు పెడ్తె, గ్రామప్రియ నూటయాభై దాటుతది. గుడ్లే కావాల్నంటే అవే తెచ్చుకో. గని అవి పొదగయి. మంద నీ ఇంట్లనే పెరగాల్నంటే ఒక నాటుపెట్ట ఉండాలె, ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు.

రెండు నెలలకు తల్లే పిల్లల్ని పొడిచి తరుముతది. ఇంక మీ మేత మీరే చూసుకోండ్రని. కొత్తల చూస్తే కడుపుల దేవినట్టైతది. అడ్డం పోకు. అది మళ్ల గుడ్లకు రావాల్నంటే పిల్లల్ని ఇడువాలె. ఆ రోజుల్లనే కొక్కెర తెగులుకు ఇంకొక టీకా, సూది తోటి ఇయ్యాలె, మశూచికి గూడ. పశువుల దవాఖాన్ల ముందుగాలనే అడిగి పెట్టు. సూది ఇచ్చేనాడు కోళ్లను పొద్దునే గూట్లకెళ్లి ఇడువకు, ఇడిస్తే పొద్దంత ఎంబడివడి పట్టాలె.