సమృద్ధ ప్రోటీన్ల తొలగింపు

రక్తపు ప్లాస్మా, వెన్నుద్రవం, కన్నీరు వంటి జీవద్రవాల్లో చాలా ఎక్కువగా ఉండే కొన్ని ప్రోటీన్లను విశ్లేషణకు ముందే తీసేసే ప్రక్రియ ఇది. ప్రయోగశాలల్లో దీన్ని డిప్లీషన్ అంటారు. అరుదైన ప్రోటీన్లను, ముఖ్యంగా వ్యాధి సూచికలను, మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అందేలా చేయడం దీని ఉద్దేశం.

అవసరం

ప్లాస్మా ప్రోటీన్ బరువులో దాదాపు 99 శాతం 22 రకాలదే. అందులో సగానికి పైగా అల్బుమిన్. అది మిల్లీలీటరుకు 35–50 మిల్లీగ్రాములు ఉంటే, ఆరోగ్యవంతుల్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ కొన్ని పికోగ్రాములే. తేడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు. మాస్ స్పెక్ట్రోమీటర్ ప్రోటీన్ల ముక్కలైన పెప్టైడ్లలో ఎక్కువగా ఉన్నవాటినే ముందు ఎంచుకుంటుంది కాబట్టి మిగతావి మరుగున పడతాయి.

చరిత్ర

1937లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నే టిసేలియస్ విద్యుత్తు సాయంతో సీరంను అల్బుమిన్‌గా, ఆల్ఫా, బీటా, గామా గ్లోబులిన్లుగా విడదీశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ బృందం చల్లని ఇథనాల్‌తో ప్లాస్మాను భాగాలు చేసింది. అప్పట్లో కావలసింది అల్బుమినే. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ క్షతగాత్రులకు దాన్నే ఎక్కించారు.

అల్బుమిన్‌ను వదిలించుకునే పద్ధతులు తర్వాత వచ్చాయి. సిబాక్రాన్ బ్లూ రంగు అణువుకు అది అంటుకునే గుణాన్ని వాడి, ప్లాస్మా నుంచి దాన్ని తొలగించే విధానాన్ని ట్రావిస్, ప్యానెల్ 1973లో వివరించారు. ఇమ్యునోగ్లోబులిన్-జిని పట్టడానికి స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాలోని ప్రోటీన్-ఎ పనికొచ్చింది. 2002లో మొదలైన అంతర్జాతీయ ప్లాస్మా ప్రోటియోమ్ ప్రాజెక్టు నాటికి ఆసక్తి పెరిగి, ఒకేసారి 6, ఆపై 14 ప్రోటీన్లను పట్టే యాంటీబాడీ కాలమ్‌లు మార్కెట్లోకి వచ్చాయి.

పని తీరు

పలచన చేసిన ప్లాస్మాను కాలమ్ గుండా పంపితే లక్ష్య ప్రోటీన్లు యాంటీబాడీలకు అతుక్కుంటాయి. కిందికి దిగిన ద్రవాన్ని విశ్లేషణకు తీసుకుంటారు. అతుక్కున్నవాటిని ఆమ్ల బఫర్‌తో కడిగి, కాలమ్‌ను మళ్లీ వాడతారు.

చిన్న నమూనాల చిక్కు

10 మైక్రోలీటర్ల ప్లాస్మాలో సుమారు 700 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 14 రకాలు పోతే మిగిలేది 40 మైక్రోగ్రాముల చిల్లర. అంతే వెన్నుద్రవంలో మొత్తం ప్రోటీనే 4 మైక్రోగ్రాములు దాటడం కష్టం. తొలగించాక మిగిలిన కాస్తా ట్యూబు గోడలకు అంటుకుపోవచ్చు. 2005లో వెలువడిన పెప్టైడ్ లైబ్రరీ పూసలు ఎక్కువ ఉన్నవాటిని తగ్గించి తక్కువవాటిని పోగుచేస్తాయి కానీ, వాటికి నమూనా ధారాళంగా కావాలి. మనిషి ప్రోటీన్లకు చేసిన కాలమ్ ఎలుక ప్లాస్మాకు సరిగ్గా పనిచేయదు.

పరిమితులు

అల్బుమిన్ హార్మోన్లను, చిన్న పెప్టైడ్లను మోసుకుపోతుంది. దాన్ని తీస్తే అవీ పోతాయి. 2010 నాటి ఒక అధ్యయనంలో తొలగింపు తర్వాత గుర్తించిన ప్రోటీన్ల సంఖ్య సుమారు పావు వంతే పెరిగింది. వేగవంతమైన స్పెక్ట్రోమీటర్లు, నానోకణాలు, జంట యాంటీబాడీ పరీక్షలు వచ్చాక, అతి చిన్న నమూనాలకు ఈ అంచెను వదిలేసే వీలు కలిగింది. వాడినచోట, కాలమ్‌కు పట్టుబడిన భాగాన్ని పారేయకుండా విడిగా విశ్లేషించడం మేలు.