గడువు దాటిన గాయం

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రాన ఒట్టావా అని ఒక చిన్న ఊరుంది. 1922లో అక్కడి పాత హైస్కూలు భవనంలో రేడియం డయల్ అనే కంపెనీ గడియారాల ముఖాల మీద అంకెలు దిద్దించే పని మొదలుపెట్టింది. చీకట్లోనూ టైము కనిపించే గడియారాలకు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మంచి గిరాకీ. పనిలో చేరింది దాదాపు అందరూ పదిహేనేళ్లు నిండీ నిండని పిల్లల దగ్గర్నుంచి ఇరవైల్లో ఉన్న ఆడపిల్లల దాకా. ఎన్ని డయళ్లు పూర్తిచేస్తే అంత కూలి. చెయ్యి వాటమున్న పిల్ల ఊళ్లో మరెక్కడా రానంత సంపాదించేది. పందొమ్మిదేళ్ల కేథరిన్ వుల్ఫ్ ఆ ఏడాదే చేరింది.

అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. రెండు అంకెలు దిద్దేసరికి వెంట్రుకలు విచ్చుకుపోతాయి. అందుకని కుంచెను పెదవుల మధ్య పెట్టి మొన తేల్చాలి, రంగులో ముంచాలి, దిద్దాలి, మళ్లీ పెదవుల మధ్య పెట్టాలి. ఇది పిల్లలు సొంతంగా పట్టుకున్న అలవాటు కాదు. పనిలో చేరిన రోజున నేర్పిన పద్ధతే అది. రంగులో ఉండేవి జింక్ సల్ఫైడు, రేడియం. ఏమైనా ప్రమాదమా అని అడిగినవాళ్లకు ఏమీ కాదన్నారు. సాయంత్రం ఇంటికి చేరాక వాళ్ల జుట్టు, గౌన్లు చీకట్లో మెరిసేవి. డాన్సుకు వెళ్లే ముందు కొందరు ఆ రంగును గోళ్లకు సరదాగా పూసుకునేవారు. ఈ కథలో వాళ్ల చావులకంటే ఆ సరదానే నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

మన ఒంటికి రేడియానికీ కాల్షియానికీ తేడా తెలియదు. సున్నాన్ని దాచుకున్నట్టే రేడియాన్ని తీసుకెళ్లి ఎముకలో దాచుకుంటుంది. అది సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. మనిషి బతికున్నంత కాలం అది లోపల్నుంచి ఎముకను కాలుస్తూనే ఉంటుంది. ముందు ఒక పన్ను కదులుతుంది. పీకించుకుంటే ఆ పుండు మానదు. పక్క పన్ను, దాని పక్కది, ఆ తర్వాత దవడ ఎముక ముక్కలై చేతికొస్తుంది. కొందరికి తుంటి పట్టేసి కాలు పొట్టిదవుతుంది, కొందరికి ఒంట్లో రక్తం పుట్టడం ఆగిపోతుంది, కొందరికి ఎముకలో కంతి లేస్తుంది. ఇదంతా బయటపడేది కుంచె పట్టిన రోజుల్లో కాదు. పని మానేసి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్న తర్వాత. ఐదేళ్లకో పదేళ్లకో.

చట్టానికి ఇక్కడే చిక్కొచ్చింది. 1910ల నుంచి అమెరికా రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి కార్మికుల పరిహార చట్టాలు చేసుకున్నాయి. వాటి వెనక ఒక ఒప్పందం ఉంది. తప్పు యజమానిదేనని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. పనిలో దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు, లెక్క ప్రకారం డబ్బొస్తుంది. దానికి బదులు యజమాని మీద వేరే దావా వేసే హక్కు వదులుకోవాలి. యంత్రంలో పడి వేలు తెగిన మనిషికి ఇది పెద్ద ఆసరా. ఆ గాయానికి ఒక తేదీ ఉంటుంది, పక్కనున్న సాక్షి ఉంటాడు, నేల మీద నెత్తురు ఉంటుంది. జబ్బుకు ఇవేవీ ఉండవు. చట్టాలు రాసినవాళ్లు ప్రమాదాన్ని కళ్ల ముందు పెట్టుకుని రాశారే తప్ప, రోజుకు కాస్త చొప్పున ఒంట్లోకి దిగే విషాన్ని తలచుకోలేదు. ఫలానా రోజు నుంచి ఇంత గడువులోగా దావా వేయాలన్నారు. ఏ రోజు నుంచి? కుంచె నోట్లో పెట్టుకున్న మొదటి రోజు నుంచా, పని మానేసిన రోజు నుంచా, పన్ను కదిలిన రోజు నుంచా, ఇది రేడియం పనేనని డాక్టరు తేల్చి చెప్పిన రోజు నుంచా? పరిహారం దక్కుతుందా లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడింది.

న్యూజెర్సీలో ఇది ముందే తలెత్తింది. ఆరెంజ్ పట్టణంలో యూఎస్ రేడియం కంపెనీలో ఇదే పని చేసిన ఐదుగురు స్త్రీలు దావా వేశారు. అప్పటికి రెండేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. రేడియం ఇంకా ఎముకల్లోనే ఉంది కాబట్టి గాయం ఈ రోజూ జరుగుతూనే ఉందని వాళ్ల వకీలు రేమండ్ బెర్రీ వాదించాడు. నా దృష్టిలో అంతకంటే నిజమైన వాదన ఆ కోర్టులో మరొకటి వినబడలేదు. కంపెనీ తరఫు సాక్షులు వేసవి సెలవులకు యూరప్ వెళ్తున్నారన్న కారణంతో 1928లో విచారణను నెలల తరబడి వాయిదా వేశారు. ఆ స్త్రీలు అన్ని నెలలు బతుకుతారన్న భరోసా ఎవరికీ లేదు. పత్రికలు కోపంగా రాశాయి. ఆ జూన్‌లో రాజీ కుదిరింది. మనిషికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల పింఛను, వైద్యం ఖర్చులు. తీర్పు మాత్రం రాలేదు. లెక్క ఏ రోజు నుంచి మొదలన్న ప్రశ్న తేలకుండానే మిగిలింది.

ఆ వార్త ఒట్టావా చేరింది. అక్కడి కంపెనీ 1925లోనూ 1928లోనూ తన పనివాళ్లకు పరీక్షలు చేయించింది. కొందరి ఒంట్లో రేడియం ఉందని తేలింది. ఫలితాలు ఆ పిల్లలకు చెప్పలేదు. పైగా తమ దగ్గర అలాంటి జబ్బు జాడే లేదని స్థానిక పత్రికలో ప్రకటన వేయించింది. ఆ మరుసటి ఏడాది చనిపోయిన ఒక అమ్మాయికి డిఫ్తీరియా అని కారణం రాశారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు సమాధి తవ్వి చూస్తే ఎముకల నిండా రేడియమే. ఈ దాపరికాన్ని నేను క్షమించలేను. గడువు లెక్కపెట్టుకోవలసిన మనిషికి రోగం పేరు తెలియనివ్వకుండా చేసి, తర్వాత గడువు దాటిందని వాదించడం మామూలు వ్యాజ్యపు ఎత్తుగడ కాదు.

కేథరిన్ కుంటడం మొదలుపెట్టింది. నువ్వు కుంటుతుంటే జనం నోళ్లకు పని పడుతోందని 1931లో కంపెనీ ఆమెను పనిలోంచి తీసేసింది. మరుసటి ఏడాది టామ్ డొనహ్యూతో పెళ్లైంది, ఇద్దరు పిల్లలు పుట్టారు. అసలు జబ్బేమిటో తెలియడానికి ఇంకా ఏళ్లు పట్టింది. తెలిశాక కంపెనీని అడిగితే పొమ్మంది.

ఈలోగా ఆమె స్నేహితురాలొకరు వేసిన దావాలో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 1935లో తీర్పిచ్చింది. వృత్తి వ్యాధుల మీద రాష్ట్రం 1911లో చేసిన చట్టంలోని ప్రధాన సెక్షన్ అస్పష్టంగా ఉంది కాబట్టి చెల్లదంది. చట్టం పోయింది, దాన్ని పట్టుకుని వేసిన దావా పోయింది. పనివల్ల వచ్చిన జబ్బుకు పాత సంప్రదాయ న్యాయం కింద కూడా దారి లేదంది. తాము రోగులమని, అందుకు కారణం పనేనని అందరికీ తెలిసిన తర్వాత కూడా ఆ స్త్రీల చేతిలో ఏమీ మిగల్లేదు. 1936లో శాసనసభ కొత్త చట్టం చేసింది. అప్పటికి కంపెనీ ఊరు వదిలేసింది. బీమా కూడా లేదు. పరిశ్రమల కమిషన్ దగ్గర పూచీగా ఉంచిన 10,000 డాలర్లు మాత్రం మిగిలాయి. మంచాన పడ్డవాళ్లందరికీ కలిపి ఉన్న సొమ్ము అంతే.

షికాగో వకీలు లియొనార్డ్ గ్రాస్‌మన్ ఫీజు తీసుకోకుండా కేసు పట్టాడు. 1938 ఫిబ్రవరి 10న విచారణ. కేథరిన్ బరువు అప్పటికి ముప్పై కిలోల చిల్లర. ఒక చిన్న పెట్టె తెరిచి తన దవడ ఎముక ముక్కలు చూపించింది. తర్వాత డాక్టర్లు సాక్ష్యం చెప్పారు. ఈ జబ్బు ప్రాణాంతకమా అని వకీలు అడిగినప్పుడు సాక్షి తటపటాయించి ఆమె వైపు చూశాడు. అప్పటిదాకా ఆమెకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. అరిచి కుప్పకూలింది. ఒక మనిషి తన చావు కబురు సాక్ష్యం రూపంలో కోర్టులో వినాల్సి రావడం ఎంత ఘోరం.

మరునాడు విచారణ ఆమె ఇంటికే వచ్చింది. సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి చుట్టూ మధ్యవర్తి జార్జ్ మార్వెల్, వకీళ్లు, పాత స్నేహితురాళ్లు కూర్చున్నారు. ఆ స్నేహితురాళ్లలో ఒకరికి చెయ్యి తీసేశారు. కుంచె మొన పెదవులతో ఎలా తేల్చేవారో కేథరిన్ వాళ్లకు చేసి చూపించింది. రేడియం రంగు చట్టం చెప్పే అర్థంలో విషం కాదనీ, గడువు ఎప్పుడో దాటిపోయిందనీ కంపెనీ వాదన. ఏప్రిల్‌లో మార్వెల్ ఆమె పక్షాన తేల్చాడు. పాత జీతం, మందుల ఖర్చు, ఏడాదికి 277 డాలర్ల పింఛను కలిపి 5,661 డాలర్లు. కంపెనీ అప్పీలు చేసింది. ఓడింది. మళ్లీ అప్పీలుకు వెళ్లింది.

గడువు ఏ రోజు నుంచి అన్న ఇదే ప్రశ్న మన దేశ చట్టానికీ ఎదురైంది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం వృత్తి వ్యాధిని కూడా ప్రమాదంగానే లెక్కేసింది. ఆ జబ్బుతో కార్మికుడు వరసగా పనికి రాలేకపోయిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా భావించాలంది. ఉద్యోగం మానేసిన రెండేళ్లలోపు జబ్బు లక్షణాలు బయటపడితే, వాటిని కనుగొన్న రోజే లెక్క అని ఆ తర్వాత చేర్చారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌గా ముదరడానికి తరచూ అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. క్వారీలో ఏళ్లు గడిపి, మేస్త్రీ పేరు తప్ప యజమాని పేరు తెలియక, చేరిన రోజుకు కాగితం ముక్క కూడా లేని కూలీ ఏ తేదీ చూపిస్తాడు? ఒట్టావాలో పేరున్న కంపెనీ ఉంది, జీతాల లెక్కలున్నాయి, పేరు పెట్టి పిలిచే స్నేహితురాళ్లున్నారు. అయినా అన్నేళ్లు పట్టింది.

రెండో అప్పీలు దాఖలైన ఆ రోజుల్లోనే, 1938 జులై 27న, 35 ఏళ్ల కేథరిన్ చనిపోయింది. కంపెనీ ఆమె చావుతో ఆగలేదు. రాష్ట్ర కోర్టుల్లో ఓడి, చివరికి అమెరికా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 1939 అక్టోబరు 23న ఆ కోర్టు విననంది. ఆమెకు రావలసిన డబ్బు ఆ 10,000 డాలర్ల పూచీ సొమ్ములోంచే వచ్చింది. రేడియం డయల్ అధ్యక్షుడిగా పనిచేసిన జోసెఫ్ కెల్లీ అప్పటికే కొన్ని వీధుల అవతల లూమినస్ ప్రాసెసెస్ పేరుతో కొత్త కంపెనీ పెట్టి, ఊళ్లోని ఆడపిల్లలతోనే రేడియం డయళ్లు దిద్దిస్తున్నాడు. కుంచె నోట్లో పెట్టుకోవద్దని మాత్రం వాళ్లకు చెప్పారు. ఆ కంపెనీ 1978 దాకా నడిచింది.