ఒహాకియా గద్దలు

2001 డిసెంబరు 13న న్యూజిలాండ్ వైమానిక దళంలో 2, 14, 75 నంబర్ల స్క్వాడ్రన్లు మూడూ రద్దయ్యాయి. ఆ దేశపు పోరాట జెట్ బలమంతా అవే. ఏ శత్రువూ వాటిని తుడిచిపెట్టలేదు. ఏ యుద్ధంలోనూ అవి ఓడిపోలేదు. అంతకు మూడేళ్ల కిందటే ఆ దళానికి కొత్త విమానాలు ఖాయమయ్యాయి. అవి రాలేదు సరికదా, ఉన్నవీ పోయాయి.

75వ స్క్వాడ్రన్ అంటే న్యూజిలాండ్ పాతతరానికి జేమ్స్ వార్డ్ గుర్తొస్తాడు. 1941 జులై 7 రాత్రి, జర్మనీలోని మ్యున్‌స్టర్ మీద బాంబులు వేసి వెనక్కి వస్తున్న వెల్లింగ్టన్ విమానం కుడి రెక్కకు నిప్పంటుకుంది. అందులో రెండో పైలట్‌గా ఉన్న వార్డ్‌కు 22 ఏళ్లు. నడుముకు తాడు కట్టుకుని పైకప్పు కిటికీలోంచి బయటికి వచ్చాడు. ఆ విమానానికి తొడిగింది గుడ్డే కాబట్టి, దాన్ని చించి, తన్ని, ఆ చిల్లుల్లో చేతులూ బూట్లూ దూర్చుకుంటూ రెక్క మీదికి పాకాడు. ఈడ్చికొడుతున్న గాలిలో కాన్వాసు గుడ్డతో మంటను అదిమాడు. విమానం క్షేమంగా ఇంగ్లండ్ చేరింది, వార్డ్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో అతను హాంబర్గ్ దాడికి వెళ్లి మరి తిరిగి రాలేదు. అప్పటిదాకా బ్రిటన్ వైమానిక దళంలో ఉన్న ఆ నంబరును యుద్ధం ముగిశాక బ్రిటన్ శాశ్వతంగా న్యూజిలాండ్‌కే ఇచ్చేసింది. 2001లో రద్దయింది ఆ నంబరే.

1970లో ఆ స్క్వాడ్రన్‌కు అమెరికా నుంచి 14 స్కైహాక్‌లు వచ్చాయి. చిన్న విమానం, వియత్నాంలో రాటుదేలిన రకం. 1984లో ఆస్ట్రేలియా నౌకాదళం వదిలించుకున్న మరో 10 తోడయ్యాయి. కొత్తవి కొనే స్తోమత లేని దేశం తర్వాత చేసిన పని నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. 1980ల రెండో సగంలో, దాదాపు 14 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల ఖర్చుతో, ఉన్న విమానాలనే లోపలి నుంచి మార్చేశారు. ఆ పథకానికి ‘కహు’ అని అక్కడి గద్ద పేరే పెట్టారు. ఎఫ్-16లో ఉండే రాడార్ రకాన్నే ఈ పాత విమానం ముక్కులో ఇమిడ్చారు. సూదుల మీటర్ల చోట తెరలు వచ్చాయి. పైలట్ తల దించకుండానే వేగం, ఎత్తు, గురి ఎదుటి అద్దం మీద కనిపించేవి. కంట్రోళ్ల మీంచి చేతులు తీయకుండానే ఆయుధం ఎంచుకోవచ్చు. 1950ల నాటి ఒంట్లో 1980ల బుర్ర పెట్టారు. నిజమైన ఆధునికీకరణ అంటే నాకు ఇదే.

కష్టాలు వేరే దిక్కు నుంచి వచ్చాయి. అణ్వాయుధాలున్న నౌకలను తన రేవులకు రానివ్వనని న్యూజిలాండ్ తేల్చిచెప్పింది. 1985లో అమెరికా యుద్ధనౌక బుకానన్‌ను రావద్దంది. మరుసటి ఏడు అమెరికా తన రక్షణ హామీని వెనక్కి తీసుకుంది. ఆ నిర్ణయంలోని ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. కానీ దాని భారం పైలట్ల మీదా పడింది. ఇక వాళ్లకు దగ్గరి తోడు ఆస్ట్రేలియాయే. 1991 నుంచి 2వ స్క్వాడ్రన్ అక్కడి నౌరాలోనే మకాం పెట్టి, ఆస్ట్రేలియా నౌకాదళానికి సాధన చేయించేది.

ఇంతలో అమెరికాలో 28 ఎఫ్-16లు కొనేవాళ్లు లేక మిగిలిపోయాయి. అవి పాకిస్తాన్ డబ్బు కట్టి చేయించుకున్నవి. పాకిస్తాన్ అణు కార్యక్రమం కారణంగా 1990లో అమెరికా చట్టంలోని ప్రెస్లర్ సవరణ కింద అప్పగింత ఆగిపోయింది. పెద్దగా ఎగరకుండానే ఆ విమానాలు అరిజోనా ఎడారిలో ఏళ్లపాటు పడి ఉన్నాయి. 1998 చివర్లో జెన్నీ షిప్లీ ప్రభుత్వం వాటిని పదేళ్ల అద్దెకు, ఆ తర్వాత కొనుక్కునే వీలుతో, తీసుకోవడానికి ఒప్పుకుంది. అణ్వాయుధాలను కాదని అమెరికాకు దూరమైన దేశానికి, అణ్వాయుధాల కోసం పాకులాడి మరో దేశం పోగొట్టుకున్న విమానాలు! కహుతో చేయి తిరిగిన పైలట్లకు ఇంతకన్నా మంచి మెట్టు దొరకదు.

1999 నవంబరు ఎన్నికల్లో హెలెన్ క్లార్క్ గెలిచారు. 2000 మార్చిలో ఒప్పందం రద్దు. 2001 మేలో ఏకంగా పోరాట దళాన్నే ఎత్తేస్తున్నట్టు ప్రకటన. ఆమె వాదనలో బలం లేకపోలేదు. 40 లక్షల లోపు జనం ఉన్న దేశం, చుట్టూ సముద్రం, దగ్గరలో శత్రువు లేడు. తూర్పు తైమూర్‌కు శాంతి పరిరక్షణకు వెళ్లిన సైనికులకేమో వియత్నాం కాలం నాటి కవచ వాహనాలు. ఉన్న డబ్బు సైన్యానికి పెట్టాలన్నారు. ఎఫ్-16లు భారమని వద్దంటే ఒప్పుకోవచ్చు. కానీ 30 ఏళ్లు నేర్చిన విద్యను తర్వాతి తరానికి అందించే పైలట్లనూ మెకానిక్‌లనూ ఒక్క సంతకంతో చెదరగొట్టడం తప్పని నా గట్టి నమ్మకం. విమానం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. దాన్ని నడపడం నేర్పే గురువు తయారు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ వైమానిక దళాన్ని అడిగినా చెబుతుంది.

పైలట్లు చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా దళాల్లో చేరిపోయారు. స్కైహాక్‌లు అమ్మకానికి పెట్టినా ఏళ్ల తరబడి బేరం కుదరలేదు. వుడ్‌బోర్న్ స్థావరంలో ఆరుబయట, తెల్లటి రబ్బరు పూత కప్పుకుని నిలబడ్డాయి. చివరికి 2012లో ఎనిమిదింటిని అమెరికా ప్రైవేటు కంపెనీ డ్రేకెన్ కొన్నది, మిగిలినవి మ్యూజియంలకు వెళ్లాయి. ఆ ఎఫ్-16లు కూడా ఊరికే పోలేదు, వాటిలో కొన్నింటిని అమెరికా నౌకాదళం తన పైలట్ల శిక్షణలో శత్రు విమానాల పాత్రకు వాడుకుంది.

14వ నంబరుకు తర్వాత మళ్లీ శిక్షణ విమానాలు దక్కాయి. స్కైహాక్‌ల పాత స్థావరమైన ఒహాకియాలో ఇప్పుడు హెలికాప్టర్లు, సముద్ర నిఘాకు నాలుగు పోసైడన్‌లు ఉన్నాయి. వార్డ్ ఎగిరిన 75వ స్క్వాడ్రన్‌ను మాత్రం మళ్లీ నిలబెట్టలేదు. 2001 తర్వాత న్యూజిలాండ్ ఒక్క ఫైటర్ జెట్ కూడా కొనలేదు.