మారుపేరుతో వచ్చిన సత్యాన్వేషి: ‘సీమాంత్ హీరా’లో ఒక వంశ రహస్యం

కలకత్తాలో ఒక సంపన్నుని భవనం. ఉద్యోగార్థులమంటూ ఇద్దరు యువకులు ఆ ఇంటికి వస్తారు. ఇద్దరూ చెప్పుకొన్నవి మారుపేర్లే. ఇంటి యజమాని వారిని ఆపాదమస్తకం పరికించి చూస్తాడు. ఆ వచ్చినవారు ఎవరో, ఎవరు పంపగా వచ్చారో, దేనికోసం వచ్చారో తానే బయటపెట్టి నవ్వుతాడు. అంతటితో ఊరుకోడు. ఇల్లంతా వెతుక్కొమ్మని, దొరికితే తీసుకుపొమ్మని సవాలు విసిరి, అందుకు ఏడు రోజుల గడువు ఇస్తాడు.

దూరదర్శన్ జాతీయ ప్రసారాలలో వచ్చిన ‘బ్యోమకేశ్ బక్షీ’ ధారావాహికలోని ‘సీమాంత్ హీరా’ కథకు మలుపు ఇదే. అపరాధ పరిశోధన కథలలో మారువేషం సాధారణంగా కథ చివర తొలగుతుంది. ఇందులో అది ఆరంభంలోనే తొలగిపోతుంది. పరిశోధకుడు ఎవరో దొంగకు తెలుసు. దొంగ ఎవరో పరిశోధకునికి తెలుసు. తెలియనిది ఒక్కటే, వస్తువు ఎక్కడున్నదనేది. ఆ చమత్కారం వెనుక పోలీసుల చెవిన పడకూడని ఒక కుటుంబ వ్యవహారం ఉంది. దాదాపు తొమ్మిది దశాబ్దాల నాటి ఈ కథ నేటికీ ఆలోచింపజేయడానికి కారణం ఆ వ్యవహారమే.

కథకుడు, కథానాయకుడు

బ్యోమకేశ్ బక్షీ పాత్రను సృష్టించినవారు సుప్రసిద్ధ బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ. 1899 మార్చి 30న నేటి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో జన్మించారు. కలకత్తాలో చదువుకున్న రోజులలో హారిసన్ రోడ్డులోని మెస్‌లో నివసించారు. నేటి మహాత్మాగాంధీ రోడ్డు అదే. తరువాత న్యాయశాస్త్రం అభ్యసించినా, జీవితాన్ని రచనకే అంకితం చేశారు. 1938లో బొంబాయి చేరి కొంతకాలం చలనచిత్రాలకు కథలు, చిత్రానువాదాలు సమకూర్చారు. అనంతరం పుణెలో స్థిరపడ్డారు. 1970 సెప్టెంబరు 22న కన్నుమూశారు.

బ్యోమకేశ్ కథలు మొత్తం 32 పూర్తిగా వెలువడ్డాయి. మరొకటి రచయిత మరణంతో అసంపూర్ణంగా మిగిలింది. ఈ కథల రచనా క్రమంలో ఒక విశేషం ఉంది. 1932లో మొదట రాసినది ‘పథేర్ కాంటా’, రెండవది ‘సీమంత హీరా’. ఈ రెండింటి తరువాత, పాత్రను ఒక వరుసగా కొనసాగించాలని రచయిత నిశ్చయించుకున్నారు. అప్పుడు నాయకుణ్ణి పాఠకులకు పరిచయం చేయడానికి ‘సత్యాన్వేషి’ రాశారు. కాబట్టి కథాక్రమంలో మొదటిదైన ఆ కథ, రచనాక్రమంలో మూడవది. దూరదర్శన్ ధారావాహిక కూడా ‘సత్యాన్వేషి’తోనే ఆరంభమైంది.

బ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అనే మాట గిట్టదు. తన ఇంటి తలుపు వద్ద ఉన్న ఫలకం మీద పేరు కింద ‘సత్యాన్వేషి’ అని రాయించుకుంటాడు. అయితే సత్యాన్ని వెతికే ఈ వ్యక్తి పాఠకులకు తొలిసారి కనిపించేది అసత్యమైన పేరుతోనే. కలకత్తాలోని ఒక మెస్‌లో అతుల్ చంద్ర మిత్ర అనే నిరుద్యోగిగా చేరి, అజిత్ అనే యువకుని గదిలో సగం చోటు అడిగి తీసుకుంటాడు. చుట్టుపక్కల వరుస హత్యలు జరుగుతుంటాయి. వాటి వెనుక కొకైన్ వ్యాపారం ఉంది. పోలీసు కమిషనరు అనుమతితోనే అతడు మారుపేరు ధరించాడని చివరకు తెలుస్తుంది. హంతకుడు చట్టానికి చిక్కుతాడు. అజిత్ ఆనాటి నుంచి అతనికి మిత్రుడు, అతని కథలకు వ్యాఖ్యాత అవుతాడు.

పెద్ద కొడుకుకే వారసత్వం

‘సీమాంత్ హీరా’ కథ ఉత్తర బెంగాల్‌లోని ఒక జమీందారీ కుటుంబానిది. ఆ వంశానికి తరతరాలుగా సంక్రమించిన వజ్రం ఒకటి ఉంది. అది ఇంట ఉన్నంతకాలం వంశానికి చేటు లేదని, చేజారితే వంశం నిలువదని కుటుంబంలో గాఢమైన విశ్వాసం. ఆ వజ్రాన్ని కలకత్తాలో జరిగిన ఒక ఆభరణాల ప్రదర్శనకు పంపుతారు. తిరిగి వచ్చిన తరువాత చూస్తే, పెట్టెలో ఉన్నది నకిలీ.

దొంగ ఎవరో కుమార్ త్రిదివేంద్ర నారాయణ్ రాయ్‌కు తెలుసు. స్వయానా తన చిన్నాన్న సర్ దిగింద్ర నారాయణ్ రాయ్. ఆయన సర్ బిరుదాంకితుడు, పేరు మోసిన శిల్పి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ప్రతిమలు మలచడంలో సిద్ధహస్తుడు. ఆ కుటుంబ ఆచారం ప్రకారం జమీ, దానితోపాటు వజ్రం, జ్యేష్ఠునికే చెందుతాయి. తక్కినవారికి దక్కేది భరణం మాత్రమే. ప్రతిభలో ఎవరికీ తీసిపోని తమ్ముడు, కేవలం పుట్టుక క్రమం వల్ల ఆ వజ్రానికి దూరమయ్యాడు.

ఈ దొంగతనం డబ్బు కోసం జరిగినది కాదు. సర్ దిగింద్రకు ధనం కొదువ లేదు. ఆ వస్తువు తన వద్ద ఉండాలన్న పట్టుదల, తన తెలివికి ఎదురు లేదని చాటుకోవాలన్న అతిశయం ఆయన చేత ఆ పని చేయించాయి. పోలీసులకు చెబితే వంశం పరువు బజారున పడుతుంది. వజ్రం ఇంట లేదన్న వార్త పొక్కడమే కుటుంబానికి అశుభం. అందుకే కుమార్ రహస్యంగా బ్యోమకేశ్‌ను పిలిపిస్తాడు. నేరస్థుణ్ణి పట్టుకోవాలని ఆయన కోరడు. వస్తువును తిరిగి తెచ్చిపెడితే చాలునంటాడు.

కళ్లెదుటి రహస్యం

మారువేషం ఫలించని తరువాత పరిశోధకునికి మిగిలినది మనస్తత్వ పరిశీలన ఒక్కటే. ఇల్లంతా గాలించుకొమ్మని చెప్పగల ధైర్యం సర్ దిగింద్రకు ఎక్కడ నుంచి వచ్చింది? భద్రంగా తాళం వేసి దాచినవాడికి అంత ధీమా ఉండదు. వెతికేవారు చూస్తూ కూడా పట్టించుకోని చోట దాచినవాడికే ఉంటుంది. పైగా అంతటి అహంకారి తన విజయచిహ్నాన్ని తన కంటికి దూరంగా ఉంచుకోలేడు. ఈ రెండు ఊహలూ కలిసిన చోటనే సమాధానం దొరుకుతుంది. శిల్పి బల్ల మీద, అందరి కళ్లెదుటా ఉన్న చిన్న నటరాజ ప్రతిమ కడుపులో వజ్రం భద్రంగా ఉంది. అచ్చం అలాంటిదే మరొక ప్రతిమతో దానిని మార్చి, బ్యోమకేశ్ వజ్రాన్ని ఇల్లు దాటిస్తాడు. నకిలీ పెట్టి అసలును కాజేసినవాడు, చివరకు అదే ఉపాయానికి లోబడతాడు.

ప్లాస్టర్ ప్రతిమలో రత్నాన్ని దాచే ఊహ అపరాధ పరిశోధన సాహిత్యానికి కొత్తది కాదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1904లో ప్రచురించిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకదానిలో నెపోలియన్ ప్రతిమలో ఒక నల్లని ముత్యం దాగి ఉంటుంది. అయితే ఆ కథలో ముత్యం ఏ ప్రతిమలో ఉన్నదో దాచినవాడికే తెలియదు. అతడు ఒక్కొక్క ప్రతిమనూ పగులగొడుతూ పోతాడు. శరదిందు కథలో దాచినవాడు ప్రతిమ ఎదుటనే కూర్చుని, వెతికేవారిని చూస్తూ ఆనందిస్తాడు. అక్కడ అన్వేషణ నగరమంతా సాగితే, ఇక్కడ అది రెండు బుద్ధుల మధ్య చదరంగమవుతుంది.

వజ్రం యజమానికి చేరుతుంది. సర్ దిగింద్ర మీద కేసు లేదు, శిక్ష లేదు. ఆయన బిరుదు, పేరు ప్రతిష్ఠలు చెక్కు చెదరవు. ‘సత్యాన్వేషి’లో మెస్ నివాసులను చంపినవాడికి చెరసాల తప్పలేదు. ఇక్కడ జమీందారీ ఇంట దొంగతనం ఇంటి గుట్టుగానే సమసిపోయింది. అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ ఎవరికీ హాని జరగలేదు. ఆ భేదం నిజమే. అయినా కుటుంబ గౌరవం అనే మాట కొందరికి చట్టాన్ని తలుపు వెలుపలే నిలిపే వెసులుబాటు ఇస్తుందన్న సంగతిని ఈ రెండు కథలూ పక్కపక్కన నిలబడి తెలియజేస్తాయి. రచయిత దీనిని విమర్శగా చెప్పలేదు. ఆనాటి సమాజం ఎలా ఉన్నదో అలాగే చూపి ఊరుకున్నారు.

ఇంటి గుట్టే ఇతివృత్తం

బ్యోమకేశ్ కథలలో అధిక భాగం నాలుగు గోడల మధ్య జరిగేవే. ‘మకడీ కా రస్’ కథలో ఒక వృద్ధుడు సాలెపురుగు రసానికి బానిస అయి ఉంటాడు. ఇంటిల్లిపాదీ రేయింబవళ్లు కాపలా కాసినా ఆ మత్తు పదార్థం ఆయనకు అందుతూనే ఉంటుంది. అజిత్ ఒక్కడే వెళ్లి చూసి వచ్చి చెప్పిన వివరాల ఆధారంగా బ్యోమకేశ్ చిక్కు విప్పుతాడు. అక్కడ కూడా సమాధానం కుటుంబ సభ్యుల కళ్లెదుటే ఉంది. వీలునామాను మాటిమాటికీ మార్చే ఒక ధనికుని హత్య మరొక కథకు ఇతివృత్తం. అనుమానితుడైన యువకుని చెల్లెలు సత్యవతి ఆ కథలోనే బ్యోమకేశ్‌కు పరిచయమై, తరువాత అతని భార్య అవుతుంది. ఇతరుల ఇళ్లలోని గుట్టును ఛేదిస్తూ, ఆ క్రమంలోనే సొంత ఇంటిని ఏర్పరచుకున్న పరిశోధకుడు ఇతడు.

మారువేషాల చమత్కారం చలనచిత్రాలకు కూడా అచ్చివచ్చింది. 1967లో సత్యజిత్ రాయ్ దర్శకత్వం వహించిన ‘చిడియాఖానా’లో ఉత్తమ్ కుమార్ బ్యోమకేశ్ పాత్ర ధరించారు. ఆ చిత్రంలో పరిశోధకుడు జపాన్ దేశీయుని వేషంలో ఒక పూలతోటల కాలనీకి వెళ్తాడు. ఆ చిత్రానికి రాయ్ ఉత్తమ దర్శకునిగా జాతీయ పురస్కారం అందుకున్నారు.

బుల్లితెర మీద

దూరదర్శన్‌లో ఈ ధారావాహిక 1993లో ఒక విడత, 1997లో మరొక విడత ప్రసారమైంది. దర్శకుడు బాసు చటర్జీ. ‘రజనీగంధా’, ‘చిత్‌చోర్’ వంటి చిత్రాలతో మధ్యతరగతి జీవితాన్ని సున్నితమైన హాస్యంతో తెరకెక్కించిన ఆయన, అంతకుముందే ‘రజనీ’ ధారావాహికతో బుల్లితెర ప్రేక్షకులకు చేరువయ్యారు. బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్, అజిత్‌గా కె.కె. రైనా, సత్యవతిగా సుకన్యా కులకర్ణి నటించారు. సంగీతం ఆనంద శంకర్ అందించారు.

తుపాకి మోతలు, వెంటాడే కార్లు ఇందులో అరుదు. ధోవతి కట్టిన ఒక బెంగాలీ యువకుడు ఎదుటివారు చెప్పేది ఓపికగా వింటాడు, ప్రశ్నిస్తాడు, ఆలోచిస్తాడు. 1985లో వచ్చిన ‘కరమ్‌చంద్’లో పంకజ్ కపూర్ క్యారెట్ నములుతూ హడావుడి చేసే పరిశోధకునిగా ప్రేక్షకులను నవ్వించారు. ఆ తరువాత వచ్చిన బ్యోమకేశ్ నిదానమే తన ప్రత్యేకతగా నిలిచాడు. ‘సీమాంత్ హీరా’ వంటి భాగానికి ఆ నిదానం ఎంతో ఉపకరించింది. ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు ప్రత్యర్థులు మర్యాద తప్పకుండా మాట్లాడుకోవడమే అందులోని ఉత్కంఠ.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించిన సమయంలో దూరదర్శన్ తన పాత ధారావాహికలను పునఃప్రసారం చేసింది. మార్చి 28 నుంచి బ్యోమకేశ్ కూడా తిరిగి తెర మీదికి వచ్చాడు. జనం ఇంటి గడప దాటలేని ఆ రోజులలో, గడప లోపలి రహస్యాల కథలు మరొక తరానికి పరిచయమయ్యాయి. అదే ఏడాది జూన్ 4న బాసు చటర్జీ ముంబయిలో కన్నుమూశారు.

తెలుగువారితో అనుబంధం

బెంగాలీ అపరాధ పరిశోధన కథలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. పాంచ్‌కొడి దే నవలలు గత శతాబ్ది తొలి దశాబ్దాలలోనే తెలుగులోకి వచ్చాయి. తరువాతి కాలంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటా పరిచితులయ్యారు. శరదిందుకు తెలుగు, కన్నడ ప్రాంతాల చరిత్రతో మరొక బంధం ఉంది. ఆయనకు 1967లో రవీంద్ర పురస్కారం తెచ్చిపెట్టిన చారిత్రక నవల ‘తుంగభద్రార్ తీరే’. విజయనగర సామ్రాజ్యమే దానికి నేపథ్యం.

అపరాధ పరిశోధన కథ చివర చిక్కు విడిపోవాలి, నిజం అందరికీ తెలియాలి. ‘సీమాంత్ హీరా’లో చిక్కు విడిపోతుంది గాని, నిజం నలుగురికే తెలుస్తుంది. వజ్రం పోయిన కుమార్, దానిని తీసిన చిన్నాన్న, తిరిగి తెచ్చిన బ్యోమకేశ్, వెంట నిలిచిన అజిత్. బయటి లోకానికి ఆ వజ్రం ఎన్నడూ పోనేలేదు.