పోలీసుపై హత్యానేరం: శిక్ష అంచనా చరిత్ర

హత్యానేరం రుజువైన పోలీసుకు ఎన్నేళ్లు పడుతుందని హైదరాబాద్ నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఆవరణలో అడిగితే జవాబు అంకెల్లో రాదు. హత్యకు ఉన్నవి రెండే శిక్షలు: ఉరి, యావజ్జీవం. అబిడ్స్ ఠాణాలో పనిచేసే కానిస్టేబుల్‌కైనా, ఆ వీధిలో కొట్టు నడిపేవాడికైనా అవే. అందుకే ఇక్కడి వకీళ్లు లెక్కలు వేసేది శిక్ష గురించి కాదు, సెక్షన్ గురించి.

భారత శిక్షాస్మృతి 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. ప్రభుత్వోద్యోగి సద్భావంతో విధి నిర్వహిస్తూ, అధికారపు హద్దు దాటి ఎవరినైనా చంపితే దాని 300వ సెక్షన్‌లోని మూడో మినహాయింపు కిందికి వచ్చేవాడు. అప్పుడు కేసు హత్యకు శిక్ష వేసే 302 నుంచి, హత్య కాని నరహత్యకు వర్తించే 304కు దిగేది, శిక్ష పదేళ్లలోపు కూడా అయ్యే వీలుండేది. ఠాణాలో నిస్సహాయుణ్ణి కొట్టి చంపిన చోట సద్భావం మాట నిలవడం కష్టమే.

1955కు ముందు, ఉరి వేయకపోతే జడ్జి కారణం రాయాల్సి వచ్చేది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దీన్ని తిరగేసి, ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు చూపాలంది. 1978లో దానికి చేర్చిన 433ఎ సెక్షన్, హత్యకు యావజ్జీవం పడ్డవాడు కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలంది. అప్పటికీ విడుదల హక్కు కాదు.

అదే 1978 మార్చిలో, హైదరాబాద్‌లోనే, నల్లకుంట పోలీసుల చేతిలో ఒక మహిళ అత్యాచారానికి గురైంది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చి, విచారణకు సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు కేసును కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ చేసింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. శిక్ష దాకా వెళ్లనే లేదు. ఠాణాలో జరిగినదానికి సాక్షులూ పోలీసులే అవుతారు. అసలు చిక్కు అక్కడే.

శిక్షను లెక్కగట్టే పద్ధతి అమెరికాలో వేరు. జార్జ్ ఫ్లాయిడ్ హత్యకేసులో పోలీసు డెరెక్ చావిన్‌కు మిన్నెసోటా మార్గదర్శకాల పట్టిక పన్నెండున్నరేళ్లు సూచించింది. 2021లో జడ్జి అంతకు పదేళ్లు కలిపి ఇరవై రెండున్నరేళ్లు వేశాడు.

మన దేశంలో బూటకపు ఎన్‌కౌంటర్ చేసిన పోలీసుకు ఉరే తగినదని 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. నిందితులను పోలీసులు కాల్చి చంపిన 2019 డిసెంబరు 6 నాటి చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌పై వేసిన సిర్పుర్కర్ కమిషన్, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సూచించింది. 2024 జులై 1 నుంచి 302 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ వచ్చింది. ఉరి, యావజ్జీవం మారలేదు.