మార్జరీ పాస్టన్ పలికిన మాటలు

1469 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని నార్విచ్ బిషప్ ఎదుట మార్జరీ పాస్టన్ నిలబడింది. భూస్వాముల ఇంటి ఆడపిల్ల. తమ ఎస్టేటు లెక్కలు చూసే రిచర్డ్ కాల్‌ను పెళ్లి చేసుకున్నానంది. చర్చిలో పెళ్లి జరగలేదు, పెద్దలకు తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు, అంతే.

నాటి చర్చి చట్టానికి ఆ మాటే చాలు. పోప్ మూడో అలెగ్జాండర్ కాలం నాటికి స్థిరపడిన నియమం ప్రకారం 12 ఏళ్లు నిండిన అమ్మాయి, 14 నిండిన అబ్బాయి ‘ఈ క్షణం నుంచి నువ్వు నా భర్తవి’, ‘నా భార్యవి’ అనుకుంటే పెళ్లయినట్టే. ‘చేసుకుంటాను’ అని మాటిచ్చి, తర్వాత శారీరకంగా కలిసినా అంతే. 1215 లాటరన్ మహాసభ పెళ్లిని ముందుగా చర్చిలో ప్రకటించాలంది. రహస్య వివాహానికి శిక్ష ఉంది గానీ అది చెల్లకపోలేదు.

బిషప్ ఆమెకు వంశ గౌరవం గుర్తుచేశాడు, ఏ మాటలు పలికావో సరిగ్గా చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అవి చాలకపోతే ఇక్కణ్నుంచి కదిలేలోపే ఇంకా గట్టిగా చెబుతానంది! కాల్‌ను విడిగా ప్రశ్నించారు, ఇద్దరి మాటా కలుస్తుందో లేదో చూడ్డానికి. తల్లి మార్గరెట్ ఆమెను గడప తొక్కనివ్వలేదు. పెళ్లి మాత్రం నిలిచింది.

ఆ ధైర్యం విలువ తెలియాలంటే మేనత్త ఎలిజబెత్ గతి చూడాలి. 1449 ప్రాంతంలో యాభైకి దగ్గరపడిన స్టీఫెన్ స్క్రోప్‌తో సంబంధం కుదర్చాలని చూస్తున్న రోజుల్లో ఆమెను తల్లి వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి ఒకే రోజు రెండుసార్లు కొట్టింది. తల రెండు మూడు చోట్ల పగిలిందని బంధువు ఒకామె ఉత్తరం రాసింది. సమ్మతి ఉండాలని చట్టం అంటుంటే, ఇంట్లో దాన్ని దెబ్బలతో రాబట్టజూశారు.

అలాగని ఆ చట్టం స్త్రీ పక్షమేమీ కాదు. దాంపత్య సుఖాన్ని అది అప్పుగా లెక్కగట్టింది. భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు తీర్చాల్సిన అప్పు. ఒకసారి ‘సరే’ అన్న భార్యకు తర్వాత వద్దనే హక్కు లేదు, భర్త బలవంతం నేరం కాదు. ఆమె నోటిమాటకు పెళ్లినాడు ఉన్న విలువ మర్నాటికి ఉండేది కాదు.

ఇక మార్జరీని గడప తొక్కనివ్వని తల్లి మార్గరెట్, 1482లో రాసిన వీలునామాలో ఆమె పెద్ద కొడుక్కి 20 పౌండ్లు ఇచ్చింది.

కేథలిక్ చర్చి 1563లో ట్రెంట్ మహాసభలో మతగురువును, సాక్షులను తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్‌లో మాత్రం పాత పద్ధతి 1753 వరకూ సాగింది. ఆ ఏటి పార్లమెంటు చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారు లైసెన్సుతో పెళ్లాడాలంటే తండ్రి అనుమతి కావాలి.