జీవ గడియారం: 28 గంటల రోజు చరిత్ర

నిద్రనూ ఒంటి వేడినీ హార్మోన్లనూ సుమారు 24 గంటల లయలో నడిపే లోపలి ఏర్పాటే జీవ గడియారం. చీకట్లో పెట్టినా అత్తిపత్తి ఆకులు వేళకు విచ్చుకుంటున్నాయని ఫ్రాన్సులో దె మేరాన్ అనే శాస్త్రవేత్త 1729లోనే గమనించాడు. మనిషి విషయంలో మాత్రం ఇది ఒంటి గుణమా, పగలూ రాత్రీ నేర్పిన అలవాటా అన్న సందేహం చాలాకాలం తీరలేదు. అది తేల్చుకోవడానికి 1938లో నిద్ర పరిశోధకుడు నథానియెల్ క్లైట్‌మన్, విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్‌ను వెంటబెట్టుకుని అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులున్నాడు. ఎండ పొడ సోకని చోటు. చలి ఎప్పుడూ ఒకటే. వారానికి ఆరే రోజులు వచ్చేలా రోజుకు 28 గంటలు పెట్టుకున్నారు: 19 గంటలు మెలకువ, 9 గంటలు పడక. ఎలుకలు ఎక్కకుండా మంచం కోళ్లను డబ్బాల్లో నిలబెట్టి, ఒంటి వేడిని పదేపదే కొలిచి రాసుకున్నారు. ఇరవైల్లో ఉన్న రిచర్డ్‌సన్ వారానికల్లా కొత్త లెక్కకు కుదురుకున్నాడు. నలభై దాటిన క్లైట్‌మన్ ఒళ్లు పాత 24 గంటలనే పట్టుకు కూర్చుంది.

కుర్రవాడు మారాడంటే ఇదంతా అలవాటేగా అన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. అయితే తిరిగితే వేడి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది; థర్మామీటరు ఒక్కటే గడియారాన్నీ కదలికనూ విడదీయలేదు. జవాబు 61 ఏళ్లకు, అదే 28 గంటల రోజుతో దొరికింది. ఈలోగా 1958లో పరిశోధకుడు ఆరన్ లెర్నర్ ఆవుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి మెలటోనిన్ అనే హార్మోనును వేరుచేశాడు. 1972లో ఎలుకల మెదడులోని హైపోథాలమస్‌లో గడియారం చోటు తెలిసింది. చివరికి 1999లో నిద్ర పరిశోధకుడు చార్లెస్ సైస్లర్ బృందం 24 మందిని మసక వెలుతురులో ఉంచి, వేడితోపాటు మెలటోనిన్, కార్టిసాల్ హార్మోన్లను కూడా కొలిచింది. పడక వేళలు ఎటు జరిగినా గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలకే ఒక చుట్టు తిరిగింది. పడుచువాళ్లలోనూ పెద్దవాళ్లలోనూ అంతే.

కాబట్టి పగటి చురుకును నిద్రపోయిన గంటలతోనే కొలిస్తే సగమే కొలిచినట్టు. తెల్లవారుజామున ఒంటి వేడి అట్టడుగుకు చేరినప్పుడు, కంటినిండా నిద్రపోయి లేచిన మనిషికైనా బుర్ర మందగిస్తుంది. కార్టిసాల్ శిఖరానికి చేరేది ఆ తర్వాతే. రాత్రి డ్యూటీవాళ్లు అలవాటుపడుతున్నారు కదా అంటారు. చాలామంది పడరు. ఇంటికి వెళ్లే దారిలో తగిలే ఎండే వారి గడియారాన్ని మళ్లీ పగటివైపు లాగుతుంది. మెలటోనిన్ మాత్ర ఈ చిక్కును తీర్చేస్తుందనుకోవడమూ పొరపాటే. రాత్రంతా పరుగులు తీసే ఎలుకలోనూ ఈ హార్మోను పెరిగేది రాత్రిపూటే. అది ఒంటికి చెప్పేది చీకటి పడిందని, నిద్రపొమ్మని కాదు.